మంగళగిరి పెద్ద కోనేరు

మంగళగిరి నడిబొడ్డున, లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి చేరువలో ఉన్న పాత పుష్కరిణి పెద్ద కోనేరు. దీనికి కల్యాణ పుష్కరిణి అనే పేరూ ఉంది. గుంటూరు జిల్లాకు చెందిన ఈ పట్టణం విజయవాడకు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. కోనేరును నలుచదరంగా లోతుకు తవ్వి రాతి మెట్లు కట్టారు. నీరు తగ్గేకొద్దీ ఒక్కో మెట్టూ తేలి, దిగుడుబావిలా కనిపిస్తుంది.

మంగళగిరిలో నరసింహస్వామికి మూడు సన్నిధులున్నాయి. కొండ కొమ్మున గండాల నరసింహస్వామి, కొండ మీద పానకాల స్వామి, దిగువన లక్ష్మీనరసింహస్వామి. పానకాల స్వామి నోట పానకం పోస్తే సగం స్వీకరించి సగం భక్తులకు వదులుతాడని నమ్మకం. దిగువ గుడికి 11 అంతస్తుల గాలిగోపురాన్ని 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. ఎత్తు 153 అడుగులు. కట్టాక అది ఒక పక్కకు ఒరిగిందనీ, కంచి శిల్పుల సలహాతో ఎదురుగా కోనేరు తవ్వించాక నిటారుగా నిలిచిందనీ ఊళ్లో చెప్పుకుంటారు.

పెద్ద కోనేరు చరిత్రలో మరువలేని ఏడాది 1832. నందన కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కృష్ణ అంత దగ్గరలో పారుతున్నా పొలాలకు నీరు మళ్లించే ఆనకట్ట అప్పటికి లేదు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. ఆ కరువులో కోనేరు అడుగంటినప్పుడు 9,840 తుపాకులు, 44 తూటాలు దొరికాయని పాత రికార్డులు చెబుతాయి. అంతకుముందు 1780లో హైదరాలీ సేన ఈ ఊరి మీద పడింది. 1816లో పిండారీలు దోచుకున్నారు. ఆ తుపాకులకు ఈ దాడులతోనే సంబంధం ఉండి ఉండవచ్చు. అన్ని తుపాకులకు తూటాలు అంత తక్కువగా ఉండటం చూస్తే, పోరాడుతూ వదిలిన ఆయుధాలనుకోవడం కష్టం. ఎవరో పోగుచేసిన సరంజామానే తెచ్చి నీళ్లపాలు చేశారనుకోవడం సబబు.

తర్వాతి కాలంలో ఆలనాపాలనా లేక కోనేరు పూడిపోయింది, నీరు పాచిపట్టింది. పవిత్ర జలానికి పట్టకూడని గతి అది. ఇటీవలి సంవత్సరాల్లో నీరు తోడించి, పూడిక తీయించి, మెట్లను బాగుచేసే పనులు చేపట్టారు. అప్పుడే ఇన్నాళ్లూ నీటిలో మునిగి ఉన్న ఆంజనేయస్వామి గుడి బయటపడింది.