పైరునకు మందు, మందునకు పైరు

ఢిల్లీలో అశోకా రోడ్డునందలి ఆంధ్ర భవన్‌లో వడ్డించు అన్నము వెనుక వంగిన నడుములు కలవు. వరిమళ్ళలో ఊదను, తుంగను ఏరినది పెక్కుగా స్త్రీజనమే. రెండవ ప్రపంచయుద్ధకాలమున కనుగొనబడిన 2,4-డి వెడల్పాకుల కలుపును, కొన్ని తుంగజాతులను చంపెను. వరికి జ్ఞాతియైన ఊదను విడిచెను. 1960 ప్రాంతమున వచ్చిన ప్రొపానిల్ ఆ ఊదనే కూల్చెను. వరి ఆకులలోని ఒక ఎంజైము ఆ మందును విరుగగొట్టుటచే పైరు నిలిచెను. అంతవరకు మానవుడు పైరునకు తగిన మందును వెదకెను. 2021లో ఢిల్లీలోనే గల పూసా సంస్థవారి రెండు బాస్మతి రకములు, ఇమాజెథాపిర్ మందును సహించునవి, వెలువడెను. ఇట్లు మందునకు తగిన పైరు పుట్టెను. నాట్లు లేక నేరుగా విత్తు సేద్యమున కలుపు హెచ్చు గనుక రైతునకిది ఊరట. కాని నడుమునొప్పి తీరినచోటనే కూలియు తీరినది. ఈ రెండింటిని ఒక్క పద్దున వ్రాసినగాని వరి చరిత్ర పూర్తి గాదు.