సరళరేఖ సమీకరణం: చరిత్ర

గ్రాఫు మీద ఉన్న సరళరేఖను చూసి దాని సమీకరణం రాయడం నిరూపక జ్యామితిలో మొదటి మెట్టు. రేఖ మీద ఏవైనా రెండు బిందువులు తీసుకుని, వాటి నిలువు తేడాను అడ్డు తేడాతో భాగిస్తే వాలు వస్తుంది. రేఖ నిలువు అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో చూస్తే అంతరఖండం తెలుస్తుంది. ఈ రెండూ దొరికితే, వాలు ఎం, అంతరఖండం సి గా వై = ఎంఎక్స్ + సి అనే సమీకరణం పూర్తయినట్లే. బడిలో ఒక్క పీరియడులో ముగిసే ఈ పాఠం ఇప్పటి రూపానికి రావడానికి ఎన్నో శతాబ్దాలు పట్టింది.

క్రీ.పూ. 3వ శతాబ్దిలో పెర్గా వాసి అపలోనియస్ శాంకవాల మీది బిందువులను ఒక వ్యాసం, ఒక స్పర్శరేఖ ఆధారంగా కొలిచాడు. తర్వాతి ప్రధాన ఘట్టం 14వ శతాబ్ది ఫ్రాన్స్‌లో కనిపిస్తుంది. నికోల్ ఒరేమ్ (మరణం 1382) వేగం, వేడి వంటి మారే గుణాలను పటాలుగా గీశాడు. అడ్డుగీత మీద కాలమో దూరమో, దాని మీద నిలువుగా గుణం తీవ్రత. తీవ్రత ఒకే తీరున మారితే ఏ మూడు బిందువులు తీసుకున్నా, వాటి మధ్య దూరాల నిష్పత్తీ తీవ్రతల తేడాల నిష్పత్తీ సమానమని ఆయన చెప్పాడు. ఉదాహరణకు 2, 5, 11 స్థానాల్లో ఎత్తులు 7, 13, 25 అనుకుందాం. దూరాలు 3, 6. ఎత్తుల తేడాలు 6, 12. రెండు నిష్పత్తులూ ఒకటే కాబట్టి పైఅంచు సరళరేఖ. నేటి విద్యార్థి 6ను 3తో భాగించి వాలు 2 అంటాడు, వెనక్కి లెక్కగట్టి సున్నా దగ్గర ఎత్తు 3 అని తేల్చి, వై = 2ఎక్స్ + 3 అని రాస్తాడు. ఒరేమ్ చేతిలో బీజగణిత సంకేతాలు లేవు. భావం మాత్రం నిండుగా ఉంది.

ఆ సంకేతాలు 1591లో ఫ్రాన్స్వా వియెట్ గ్రంథంతో అందాయి. తెలియని రాశులకు అచ్చులు, తెలిసినవాటికి హల్లులు వాడటం ఆయన పద్ధతి. తూలూజ్ న్యాయాధికారి పియెర్ ద ఫెర్మా దాన్నే అందిపుచ్చుకున్నాడు. ఒక సమీకరణంలో రెండు తెలియని రాశులుంటే అది ఒక రేఖనో వక్రాన్నో సూచిస్తుందన్న మౌలిక సూత్రం 1636 నాటికే ఆయనకు పట్టుబడింది. డి, ఎ ల లబ్ధం బి, ఇ ల లబ్ధానికి సమానమైతే వచ్చేది సరళరేఖ అని సరూప త్రిభుజాల సాయంతో నిరూపించాడు. రుణ నిరూపకాలు లేనందువల్ల అది మూలబిందువు నుంచి ఒకవైపే సాగే కిరణం. ఈ అమూల్య రచన ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1665లో ఫెర్మా మరణించగా, కుమారుడు సామ్యుయెల్ 1679లో దాన్ని ప్రచురించాడు.

అప్పటికి కీర్తి రెనె డెకార్ట్‌కు దక్కింది. 1637లో లైడెన్‌లో వెలువడిన ఆయన ‘లా జియోమెట్రీ’ దృష్టి ప్రాచీన గ్రీకు గణితవేత్త పాపస్ పేరున్న జ్యామితి సమస్య మీద, ఉన్నత వక్రాల మీద ఉంది. సరళరేఖ దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు. ఎక్స్, వై అక్షరాలతో తెలియని రాశులను సూచించే అలవాటు మాత్రం ఆయన ఇచ్చిందే. సరళరేఖకు పద్ధతి ప్రకారం పాఠం సమకూర్చిన ఘనత డచ్ రాజనీతిజ్ఞుడు యాన్ ద విట్‌ది. డెకార్ట్ గ్రంథానికి డచ్ గణితవేత్త వాన్ స్కూటెన్ చేసిన లాటిన్ అనువాదపు రెండో ముద్రణలో భాగంగా ద విట్ రచన వెలువడింది. మూలబిందువు గుండా పోయే రేఖ, అంతరఖండం కలిసే రేఖ, తీసివేసే రేఖ, వాలు దిగే రేఖ అని ఆయన ఒక్కో సందర్భాన్నీ విడదీసి చూపాడు. ఇంత శ్రద్ధగా రాసిన ఈ మనిషిని 1672లో హేగ్ నగరంలో అల్లరిమూక చంపేసింది.

న్యూటన్ 1704లో ప్రచురించిన ఘన వక్రాల వర్గీకరణలో రుణ నిరూపకాలు ధైర్యంగా వాడాడు. దీంతో ద విట్ విడదీసిన సందర్భాలు ఒకే సూత్రంలో ఇమడటానికి దారి పడింది. ఒక బిందువు, వాలు తెలిస్తే సమీకరణం రాసే బిందు-వాలు రూపం 18వ శతాబ్ది చివర గాస్పర్ మోంజ్ రచనల్లో కనిపిస్తుంది. వాలుకు ఎం అక్షరం 1848లో డబ్లిన్‌కు చెందిన జార్జ్ సాల్మన్ శాంకవాల గ్రంథంలో ఉంది. ఎస్.ఎల్. లోనీ 1895లో రాసిన నిరూపక జ్యామితి పుస్తకం భారతదేశంలో తరతరాల విద్యార్థులు చదివారు, తెలుగు రాష్ట్రాల్లో ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఇప్పటికీ చదువుతున్నారు. ఇక నిజమైన కొలతలకు రేఖ గీయాల్సి వస్తే, వాటిలో పొరపాట్ల వల్ల బిందువులు కచ్చితంగా ఒకే రేఖ మీద పడనప్పుడు అన్నిటికీ చేరువైన రేఖను ఎంచే కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్రె 1805లో ప్రకటించాడు.