తిరుమల నాయకుడు కలిపిన పండుగ

మదురై చిత్తిరై పండుగకు పర్యాటకుల తాకిడి పెరిగి సంప్రదాయం పలచబడిందని ఏటా వినిపించే మాట. పండుగ అనాదిగా ఒకే తీరున సాగిందన్న నమ్మకం ఈ మాట వెనక ఉంది. నిజానికి మీనాక్షీ సుందరేశ్వరుల కల్యాణం ఒకప్పుడు మాసి నెలలో జరిగేది. 1623 నుంచి 1659 దాకా మదురైని ఏలిన తిరుమల నాయకుడు దాన్ని చిత్తిరై నెలకు మార్చి, విష్ణు రూపమైన అళగరు తేనూరు దగ్గర వైగై నదిలో దిగే వేడుకను మదురైకి తెచ్చి, రెంటినీ కలిపాడని స్థానిక చరిత్ర చెబుతుంది. మాసి కోతల కాలం, చిత్తిరైలో రైతుకు తీరిక. శివుడి పెళ్ళీ, విష్ణువు ఊరేగింపూ ఒక్కచోట జరిగితే పల్లెలన్నీ రాజధానికి కదిలి వస్తాయి, సంతలూ సాగుతాయి. విజయనగరం నుంచి వచ్చి, 72 పాళెయాల (స్థానిక నాయకుల ఏలుబడి ప్రాంతాల) ఏర్పాటుతో తమిళసీమలో వేళ్ళూనుకున్న తెలుగు నాయకులకు ఇది గట్టి రాజకీయం కూడా. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో నేటికీ ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుళ్ళ, నాయక్కర్ల చరిత్ర ఆ కాలంతో ముడిపడినదే. బయటి జనాన్ని రప్పించడం ఈ పండుగకు కొత్తగా అంటిన మకిలి కాదు.

మరి స్థానిక సంప్రదాయం అంటే ఏమిటి? ఎవరు ఏ సేవ చెయ్యాలన్న వరస. అళగర్ కోవిల్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు ఊరేగి వచ్చే స్వామి కళ్ళర్ కులస్థుల వేషం కడతాడు, దారి పొడుగునా మండగప్పడుల్లో, అంటే విడిది మండపాల్లో, ఆగుతాడు. ఒక్కో మండపం ఒక్కో కుటుంబానిదో, కులానిదో, వర్తకులదో. ఆ రోజు స్వామికి ఆతిథ్యం వాళ్ళ హక్కు, వాళ్ళ ఖర్చు. మొక్కుకున్నవాళ్ళు మేకతోలు తిత్తిలో నీళ్ళు నింపి, సన్నటి మూతిలోంచి స్వామి మీదికి చిమ్ముతారు. చిత్తిరై ఎండకు అది చల్లదనం, భక్తుడికి మొక్కుబడి. ఇప్పుడు తిత్తి బదులు ఒత్తిడి పంపులు దిగడంతో, తిత్తులే వాడాలని న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. కల్యాణ దర్శనానికి 500, 200 రూపాయల టిక్కెట్లున్నాయి. టిక్కెట్టు లేనివాళ్ళు దక్షిణ గోపురం దగ్గర బారులు తీరాలి. తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపంలో తరతరాలుగా పండుగ వేషాలు కుట్టిన దర్జీలు, మండపం మరమ్మతుల వల్ల వేరే చోటికి మారవలసి వచ్చింది.

టిక్కెట్టు లేకపోతే తొక్కిసలాట తప్పదంటారు. 2022లో అళగరు వైగైలో దిగిన వేళ రద్దీలో ఇద్దరు చనిపోయారు కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ మరణాలు నది దగ్గర, టిక్కెట్టు అడగని చోట జరిగాయి. అక్కడ కావలసింది దారులు, మంచినీళ్ళు, పోలీసులు. వాటికి దర్శనం అమ్మనక్కర్లేదు. పర్యాటకుడు తెచ్చే డబ్బుతో ఊరు బతుకుతుందన్నదీ నిజమే. అయితే ఆ డబ్బులో దర్జీకీ, తిత్తులు చేసేవాడికీ, మండపం నడిపే కుటుంబానికీ వాటా లేకపోతే ఊరు బతికిందనడం అబద్ధం. పుదుమండపం బాగుపడటం మంచిదే, దానితోపాటు దాన్ని నమ్ముకున్న వృత్తి కూడా నిలవాలి.

నాయకరాజు నెల మార్చాడు, దారి మార్చాడు. సేవ చేసే వరస మాత్రం ఆ కుటుంబాల, కులాల, వర్తకుల చేతుల్లోనే ఉంది. నేటి పాలకులు పాటించవలసింది ఆ హద్దునే. చూడవచ్చినవాళ్ళకు గట్టున చోటివ్వండి. మొదటి వరస మొక్కు తీర్చుకునేవాళ్ళది.