మళ్ళీ మళ్ళీ బరిలోకి దిగిన భీం

ఫైటింగ్ గేముల్లో పాత వీరుడు కొత్త భాగంలో తిరిగి రావడం మామూలే. 'స్ట్రీట్ ఫైటర్' 1987లో మొదలైనప్పుడు ర్యూ అనే యోధుడిది ఎర్ర జుట్టు, తెల్లటి తలకట్టు, కాళ్ళకు చెప్పులు. 1991లో రెండో భాగం వచ్చేసరికి జుట్టు రంగు ముదిరింది, తలకట్టు ఎర్రబడింది, చెప్పులు పోయాయి. 2023 నాటి ఆరో భాగంలో గడ్డం కూడా వచ్చింది. ఇన్ని మారినా రెండు అరచేతులు చేర్చి విసిరే 'హడోకెన్' మాత్రం అలాగే ఉంది. అది తీసేస్తే ఆడేవాళ్ళు అతన్ని ర్యూ అని ఒప్పుకోరు.

మన దగ్గర ఇలా తరం తరానికీ తిరిగి వస్తున్న వీరుడు గోండు నాయకుడు కొమురం భీం. మా బెల్లంపల్లిలో బల్లార్షా వైపు రైలెక్కితే రేచిని రోడ్ దాటాక ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోతే కెరమెరి గుట్టలు, భీం పోరు సాగిన జోడేఘాట్. ఈ రైలు మార్గమూ, బెల్లంపల్లి బొగ్గు గనులూ దాదాపు ఒకే కాలంలో, 1920ల చివర వచ్చాయి. రైలు వెంట బయటి రైతులు వచ్చారు, భూములకు ధర పెరిగింది. మరోపక్క అడవికి రిజర్వు హద్దులు పడ్డాయి. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న చేనులోనే గోండు అతిక్రమణదారు అయ్యాడు. భీం తిరుగుబాటుకు మూలం ఇక్కడుంది. పన్నెండు గూడేల మనుషులు కూడి తమ నేల తమకే కావాలన్నారు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు పలువురు నేలకొరిగారు.

రాతలో భీం మొదట కనిపించేది ఒక పరిశోధకుడి పుటల్లో. తిరుగుబాటు ఎందుకొచ్చిందో తేల్చడానికి నిజాం సర్కారు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యనే ఉన్నాడు. ఆయన రాసిన భీంకు వీరుడి వేషం లేదు. అడవి శాఖ, రెవెన్యూ శాఖ, పట్టాలు సంపాదించిన బయటివాళ్ళు మూడువైపుల నుంచీ తరుముతుంటే ఇక జరగడానికి చోటు లేక ఎదురు నిలిచిన రైతు మాత్రమే. నాకు ఈ భీం మీద చాలా గౌరవం. ఆ రాతల ఫలితంగానే ఆదిలాబాద్‌లో వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి, గోండు పిల్లలకు బడులు తెరిచారు. ఆ తర్వాత భీం మీద వచ్చిన ఏ కళాఖండానికీ అంత ఫలితం దక్కలేదు.

రెండోసారి భీం నవలలోకి వచ్చాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కే 13 మంది చనిపోయారని చెప్పింది. నలభై ఏళ్ళ కిందటి జోడేఘాట్ మళ్ళీ కళ్ళముందుకు వచ్చిన రోజులవి. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఆ వేడిలోంచి పుట్టింది. ఇందులో భీం గూడేల్ని కూడగట్టే నాయకుడు. శత్రువు ఒక తాలూక్‌దారు, ఒక జంగ్లాత్ జవాను దగ్గర ఆగడు, మొత్తం దోపిడీ వ్యవస్థ దాకా పోతాడు. ఎనభైల నాటి రైతు కూలీ పోరాటాల భాష కొంత భీం నోట వినిపిస్తుంది. అది తప్పు అనను. చుట్టూ అదే పోరాటం నడుస్తుంటే రాసేవాళ్ళ చెవిలో వేరే భాష ఎలా మోగుతుంది? పైగా గూడెం బతుకును, గోండుల కట్టుబాట్లను, వానకాలపు ఆకలిని అంత దగ్గరగా చూపిన తెలుగు నవలలు తక్కువ.

అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో భూపాల్‌రెడ్డి భీంగా వేసిన సినిమా 1990 నాటిది. నంది పురస్కారాలు వచ్చినా జనం ముందుకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. భీం మళ్ళీ రూపం మార్చుకుని మొత్తం తెలంగాణ గుర్తయ్యాడు. తలపాగా, ఒట్టి ఛాతీ, చేతిలో తుపాకితో ఫ్లెక్సీల మీదికి, ట్యాంక్‌బండ్ మీదికి ఎక్కాడు. 2016 అక్టోబరులో ఆసిఫాబాద్ ఆయన పేరుతోనే జిల్లా అయింది. బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోకి పోయింది.

ఇక 2022 మార్చిలో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. రాజమౌళి దీన్ని కల్పిత కథ అనే చెప్పాడు. 1924లోనే అమరుడైన అల్లూరి సీతారామరాజుతో భీంకు ఢిల్లీలో స్నేహం కుదిర్చాడు, శత్రువుగా బ్రిటిష్ గవర్నర్‌ను పెట్టాడు. భీం అఖ్తర్ పేరుతో ముస్లిం వేషంలో తిరుగుతాడు. 2020లో ఆ టోపీ వేషం టీజర్‌లో కనబడగానే ఆదిలాబాద్‌లో ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. నన్ను ఇబ్బంది పెట్టింది టోపీ కాదు, చివరి సన్నివేశం. నీకేం కావాలని సీతారామరాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. అప్పుడు సీతారామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసి ఇస్తాడు. మా ప్రాంతంలో చెప్పుకునే కథలో మాత్రం భీం చాందా వైపు ఒక ప్రెస్సులో పనిచేస్తూ తానే చదవడం రాయడం నేర్చుకుంటాడు, అస్సాం తేయాకు తోటల దాకా పోయి లోకం చూసి వస్తాడు. ఆ నినాదం భీందే. సుద్దాల అశోక్‌తేజ రాసి కాలభైరవ పాడిన పాటకు నేనూ కదిలిపోయాను, భీంగా వేసిన జూనియర్ ఎన్టీఆర్ కొరడా దెబ్బల సన్నివేశంలో ప్రాణం పెట్టాడు. అయినా నినాదాన్ని మరొకరి చేత రాయించడం, ర్యూ నుంచి హడోకెన్ తీసేసినట్టు, భీం నుంచి అసలుదాన్నే తీసుకోవడం. శత్రువును మార్చారు, ఊరిని మార్చారు, ఆయుధాన్ని మార్చారు, అవన్నీ సరిపెట్టుకోవచ్చు. ఇది సరిపెట్టుకోలేను.

గోండులు మాత్రం ఏ క్యాలెండర్ తేదీతోనూ పనిలేకుండా ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి జరుపుకుంటారు. వాళ్ళ వీరగాథల్ని కిక్రీ వాద్యం మీద పాడి నిలబెట్టుకొస్తున్న పర్ధాన్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంతవరకు చెప్పుకున్న నవలా, రెండు సినిమాలూ బయటివాళ్ళు తెలుగులో చేసినవే. ఈసారి భీం తెరమీదికి వస్తే గోండీ భాషలో, గోండు యువకులే రాసి తీయగా రావాలి. దానికి డబ్బు పెట్టే నిర్మాతలు, సాయం చేసే సర్కారు ముందుకు రావాలి. మొదటి ఆట ఆసిఫాబాద్‌లో పడితే రెండోది బెల్లంపల్లిలో వేయండి.