తలుపు తట్టని నిఘా

ఉత్తర ప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అను వ్యక్తిని 1941లో ఒక దోపిడి కేసులో పట్టుకొని, సాక్ష్యము లేనందున విడిచిపెట్టినారు. అయినను పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచినారు. రాత్రివేళ జవానులు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపుచున్నారనియు, పొరుగూరు పోవలెనన్న చౌకీదారునకు చెప్పి పోవలసి వచ్చుచున్నదనియు అతడు సుప్రీంకోర్టుకు మొరపెట్టుకొన్నాడు.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. రాత్రిపూట ఇంటికి వచ్చి సోదా చేయుట చెల్లదని అందరును అంగీకరించినారు. కాని అతని రాకపోకలను కనిపెట్టి యుండుటలో తప్పు లేదనియు, గోప్యత అను హక్కును మన రాజ్యాంగము ఇవ్వలేదనియు నలుగురు భావించినారు. మిగిలిన ఇద్దరి పక్షమున వేరుగా తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు.

సంకెళ్లు వేసిననే స్వేచ్ఛ పోవునని ఆయన తలంపలేదు. ఎవరో ఎల్లప్పుడు చూచుచున్నారను భావము మనస్సును బంధించును. అట్టివాడు నడచినను స్వేచ్ఛగా నడచినట్లు కాదు. ఆయన వాదము సారాంశమిది. న్యాయశాస్త్రముకంటె మనస్తత్వశాస్త్రమునకు దగ్గరగా నున్న మాట కాబట్టి కాబోలు, నాడు అది మైనారిటీ అభిప్రాయముగానే మిగిలినది.

అది నెగ్గుటకు దాదాపు 55 ఏండ్లు పట్టినది. ఆధార్ పథకమును ప్రశ్నించుచు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి 2012లో వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వము పాత తీర్పులను చూపినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా అది ప్రాథమిక హక్కే యన్నారు. సుబ్బారావుగారి అభిప్రాయమే సరియైనదన్నారు.

ఈలోగా నిఘా రూపము మారిపోయినది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మాంటుల్లి ‘కుకీ’ని కనిపెట్టినాడు. ఉద్దేశము మంచిదే. ఇంటర్నెట్టులో అంగడివానికి జ్ఞాపకశక్తి లేదు. ఒక పుట నుండి మరొక పుటకు పోగానే మనము వానికి క్రొత్తవారమే. అందుచేత మన యంత్రములోనే ఒక చిన్న చీటీ ఉంచి, దానిపై గుర్తు వ్రాసి, తిరిగి వచ్చినపుడు చదువుకొనును. కాని వేయి అంగళ్లలో ప్రకటనలు కట్టు కంపెనీ ఒక్కటే యైనచో? అన్ని చోట్లను తన చీటీని తానే చదివి, మనము ఏ మందు వెదకినామో, ఏ ఊరికి టిక్కెట్టు చూచినామో ఒకే ఖాతాలో చేర్చుకొనును. ఖరక్ సింగ్‌కు తలుపు చప్పుడైనను వినవచ్చెడిది.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. సమాచారము ఏ పనికో చెప్పి సమ్మతి పొందవలెను; ఇచ్చిన సమ్మతిని మనము ఉపసంహరించుకొనవచ్చును; 18 ఏండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల అనుమతి కావలెను. ఉల్లంఘించినచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. 2025 నవంబరులో ప్రకటించిన నియమములలో ముఖ్యబాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చినారు. ఇంత చేసియు, దేశభద్రత, శాంతిరక్షణ వంటి కారణములపై ప్రభుత్వ సంస్థలను మినహాయించు అధికారము కేంద్రము చేతిలోనే ఉన్నది. 1962 నాటి కేసులో తలుపు తట్టినది కంపెనీ కాదు గదా!

ఇక మన చేతిలోనిది. ఇతర కంపెనీల కుకీలను బ్రౌజరు సెట్టింగులలో ఆపివేయవచ్చును. ఫోనులో ‘పర్మిషన్లు’ అను జాబితా ఉన్నది. ఉపాధ్యాయులు దానిని తరగతిలో తెరిపించి చూపవచ్చును. టార్చిలైటు ఆప్‌కు కెమెరా దీపముతో పని గలదు, కాంటాక్టులతో ఏమి పని? అందులోని నెంబర్లు మన మిత్రులవి, బంధువులవి. వారి సమ్మతిని ఎవరును అడుగలేదు.