బోరు తోడేది నది నీటినే
భూగర్భ జలాలతో ముడిపడిన పెన్నా, చిత్రావతి ప్రవాహాలు

అనంతపురం: వర్షాలు వెలిసిన కొద్ది రోజులకే పెన్నా, చిత్రావతి నదుల్లో ఇసుక తేలితే వానలేమినే కారణంగా చెప్పుకోవడం పరిపాటి. నదికి ఇరువైపులా నడిచే బోర్ల పాత్ర కూడా ఇందులో తక్కువేమీ కాదు. నేలపై పారే నీరు, నేల లోపలి నీరు వేర్వేరు కావు.

ఊటే ఆధారం
వాన లేని రోజుల్లో నదిని పారించేది భూమిలో నుంచి వచ్చే ఊట. భూగర్భ జలమట్టం నది అడుగు కంటే ఎత్తులో ఉన్నంత కాలం నీరు నదిలోకి చేరుతుంది. బోర్లు అధికంగా తోడితే మొదట ఈ ఊట తగ్గుతుంది. మట్టం ఇంకా పడిపోతే నది నీరే భూమిలోకి ఇంకిపోతుంది. ఈ ప్రభావం కనిపించడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మోటార్లు ఆపినా నది వెంటనే కోలుకోదు.

గట్టి శిల, స్వల్ప నిల్వ
నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్నా సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దాని ఉపనది చిత్రావతి పుట్టపర్తి మీదుగా సాగుతుంది. ఈ ప్రాంతంలో నేల కింద అధికంగా గ్రానైటు వంటి గట్టి శిలలే ఉన్నాయి. శిథిలమైన పైపొరలో, పగుళ్లలో మాత్రమే నీరు నిలుస్తుంది. పూర్వం నదీగర్భపు ఇసుకలో ఊట కాలువలు తవ్వి పొలాలకు నీరు పారించేవారు. మట్టం పడిపోతే అటువంటి కాలువలకు ఆధారమే ఉండదు. ఇసుక తవ్వకాల వల్ల నీటిని పట్టి ఉంచే పొర కూడా తరిగిపోతుంది.

లెక్కల్లో చిక్కు
ఏటా వాడుకోదగిన భూగర్భ జలంలో 70 శాతం వరకు తోడితే ఆ ప్రాంతాన్ని సురక్షితంగా, 100 శాతం దాటితే మితిమీరి వాడినదిగా పరిగణిస్తారు. నదులకు సహజంగా చేరే ఊట వివరాలు లేని చోట 5 నుంచి 10 శాతం మాత్రమే మినహాయిస్తారు. మిగిలినదంతా తోడుకోదగిన నీటి కిందికే వస్తుంది. అందువల్ల కాగితంపై సురక్షితమైన ప్రాంతంలోనూ నది ఎండిపోవచ్చు. ఒకే నీటిని ఎగువన భూగర్భ జలంగా, దిగువన నదీ ప్రవాహంగా రెండుసార్లు లెక్కించే ప్రమాదమూ ఉంది.

చట్టం, ఆచరణ
1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం తన భూమి కింది నీటిని సేకరించుకునే హక్కును యజమానికి గుర్తించింది. 2002లో వచ్చిన వాల్టా చట్టం బావుల నమోదును తప్పనిసరి చేసి, ప్రజల తాగునీటి వనరులకు 250 మీటర్ల లోపు కొత్త బావులపై ఆంక్షలు విధించింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చాక, నీటి పొదుపుకు కరెంటు బిల్లు ప్రేరణ కాకుండా పోయింది. రైతులే వర్షపాతాన్ని, బావుల మట్టాలను కొలిచి పంటలు నిర్ణయించుకునే ప్రయోగం 2000 దశకంలో అనంతపురం సహా ఏడు జిల్లాల్లో సాగింది.

చెక్‌డ్యాములు, ఇంకుడు చెరువులు స్థానికంగా మట్టాన్ని పెంచుతాయి. అయితే ఎగువన ఆపిన నీరంతా మళ్లీ బోర్ల పాలైతే దిగువ చెరువులకు మిగిలేది ఉండదు. కాబట్టి నది, చెరువు, బోరు మూడింటినీ ఒకే పద్దులో చూడటం అవసరం.