పి.పి. నంబరు నుంచి హాట్‌స్పాట్ దాకా: అంతర్జాల సంధానాన్ని పంచుకోవడం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక ఫోన్‌కు ఉన్న అంతర్జాల సంధానాన్ని మరికొన్ని పరికరాలకు అందించే ఏర్పాటును వాడుకలో హాట్‌స్పాట్ అంటున్నారు. చందా ఒకరిది, వాడుక పలువురిది అయిన పాత అలవాటుకు ఇది కొనసాగింపు అన్న దృష్టితో ఈ వ్యాసం దాన్ని పరిశీలిస్తుంది. టెలిఫోన్ కాలపు పి.పి. నంబరుతో దీనికున్న పోలిక, కంపెనీ లెక్కకూ ఇంటి లెక్కకూ మధ్య ఏర్పడిన తేడా, 2020 నాటి ఆన్‌లైన్ తరగతుల్లో ఆ తేడా బయటపడిన తీరు ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: హాట్‌స్పాట్, టెథరింగ్, పి.పి. నంబరు, చిరునామా మార్పిడి, చందాదారు, వాడుకరి.

1. ప్రవేశిక

ఈ పనికి ఇంగ్లీషులో మొదట స్థిరపడిన పేరు టెథరింగ్. మేసే పశువును గుంజకు కట్టే తాడును టెథర్ అంటారు. తెలుగులో పలుపు, తలుగు అన్న మాటలు ఆ వస్తువుకే ఉన్నాయి. ఫోన్‌ను తీగతో కంప్యూటర్‌కు కట్టిన రోజుల్లో పుట్టిన పేరు కనుక ఆ ఉపమానం అప్పటికి సరిపోయింది. అయితే తెలుగు వాడుకలోకి ఆ మాట దిగలేదు, ఫోన్ సెట్టింగుల్లోనే ఉండిపోయింది. దిగింది హాట్‌స్పాట్. విమానాశ్రయం, హోటల్ వంటి చోట్ల వైఫై దొరికే తావును మొదట సూచించిన ఈ పదం తరువాత జేబులోని ఫోన్‌కు బదిలీ అయింది. తావు పేరు మనిషి వెంట తిరగసాగిందన్నమాట.

నామవాచకం కంటె ఇక్కడ క్రియ ఎక్కువ చెబుతుంది. “కాస్త హాట్‌స్పాట్ ఇవ్వు”, “నెట్ ఇస్తావా?” అని అడుగుతారు. పంచు, కలుపు, జతచేయు అన్నవి పక్కకు పోయి ‘ఇవ్వు’ నిలిచింది. తోడుకు కాస్త పెరుగు, కాసిని కాఫీపొడి అడిగే వాక్యానికీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు ఉన్నచోట ఉండే మొహమాటం, చనువు, అధికారం ఆ క్రియ వెంటే వచ్చాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఉన్న చరిత్రను సైబర్ కేఫ్‌తో మొదలుపెట్టడం పరిపాటి. దాని అసలు పూర్వరూపం మరొకచోట ఉంది.

2. పొరుగింటి టెలిఫోన్

టెలిఫోన్ కోసం దరఖాస్తు పెట్టుకొని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలంలో ఒక వీధికి ఒకటో రెండో ఫోన్లుండేవి. ఫోన్ లేనివారు తమ ఉత్తరాల మీద, విజిటింగ్ కార్డుల మీద పొరుగింటి నంబరు వేసి పక్కన ‘పి.పి.’ అని రాసుకొనేవారు. ట్రంక్ కాల్ పద్ధతిలో ఫలానా వ్యక్తి లైనులోకి వస్తేనే మాట్లాడతానని కోరుకొనే పర్టిక్యులర్ పర్సన్ కాల్ ఒక తరగతి. ఆ రెండు అక్షరాలే కాలక్రమంలో ‘ఈ నంబరు నాది కాదు, అయినా నన్ను పిలుస్తారు’ అన్న అర్థానికి వచ్చాయి.

ఈ ఏర్పాటులో మూడు లక్షణాలు గమనించదగినవి. టెలిఫోన్ శాఖ లెక్కలో చందాదారు ఒక్కరే. వీధి లెక్కలో వాడుకరులు పదిమంది. బయటినుంచి వచ్చిన కాల్ ఎవరికో తెలుసుకొని, గోడ మీదుగా కేకవేసి పిలిచే బాధ్యత ఫోన్ ఉన్న ఇంటిది. పిలిచేందుకు డబ్బు తీసుకోరు. కానీ వేళకాని వేళ ఫోన్ వస్తే విసుక్కొనే హక్కు వారికి ఉంటుంది. 1980ల చివరి నుంచి వ్యాపించిన ఎస్‌టీడీ బూత్ ఈ పంపకాన్ని అంగడి సరుకు చేసింది. సైబర్ కేఫ్ ఆ బూత్‌కు వారసురాలు. హాట్‌స్పాట్ వంశం వేరు. అది పి.పి. నంబరుకు వారసురాలు.

3. చిరునామా మార్పిడి

ఈ పోలిక కేవలం సామాజికం కాదు, సాంకేతికం కూడా. అంతర్జాలంలో ప్రతి పరికరానికీ ఒక చిరునామా కావాలి. నాలుగో కూర్పు నియమావళి ప్రకారం చిరునామా 32 బిట్ల అంకె కావడంవల్ల ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం. ఇవి చాలవని 1990ల ఆరంభానికే తేలిపోయింది. 1994 మే నెలలో కె. ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక తాత్కాలిక ఉపాయాన్ని ఆర్‌ఎఫ్‌సీ 1631 పేరుతో ప్రకటించారు. లోపలి పరికరాలన్నిటికీ సొంత చిరునామాలు అక్కరలేదు, బయటికి ఒక్క చిరునామా కనిపిస్తే చాలు, గడప దగ్గర ఉన్న యంత్రం మార్పిడి చేస్తుంది అన్నది దాని సారాంశం. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ఇంటిలోపల వాడుకోదగిన చిరునామాలను ప్రత్యేకించింది. ఇవాళ ఏ రూటర్ వెనుక చూసినా కనిపించే 192.168తో మొదలయ్యే అంకెలు అక్కడివే.

గడప దగ్గరి యంత్రం చేసే పని పొరుగింటి గృహిణి చేసిన పనే. లోపలినుంచి ఎవరు ఏమడిగారో ఒక పట్టికలో గుర్తుపెట్టుకొంటుంది. బయటినుంచి జవాబు రాగానే ఆ పట్టిక చూసి ఫలానా పరికరానికి అందజేస్తుంది. హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ లోపల జరిగేది ఇదే. తాత్కాలికమని రాసిపెట్టిన ఉపాయం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. మన గ్రామాల్లో తాత్కాలిక పాఠశాల భవనాల చరిత్ర తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు.

4. తీగ కాలం

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. 1998 చివరలో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. మోడెమ్ ద్వారా ఫోన్ లైను మీద నడిచే ఆ సంధానం ఒక సమయంలో ఒక కంప్యూటర్‌కే ఉద్దేశించినది. నెట్ వాడుతున్నంతసేపు ఇంటికి ఫోన్ రాదు. ఒకే లైనును పలు కంప్యూటర్లకు పంచడానికి కేఫ్ యజమానులు విన్‌గేట్ వంటి ప్రాక్సీ సాఫ్ట్‌వేర్లను ఆశ్రయించేవారు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో కూర్పులో మైక్రోసాఫ్ట్ ఈ పంపకాన్ని ఒక సదుపాయంగా చేర్చింది. సంధానాన్ని పంచుకోవడం కంప్యూటర్ నిపుణుల కిటుకు స్థాయి నుంచి గృహావసరం స్థాయికి వచ్చిన సందర్భం అది.

ఫోన్ మోడెమ్‌గా మారడం 2000 తరువాతి మాట. నోకియా ఫోన్‌ను తీగతో కంప్యూటర్‌కు కలిపి, పీసీ సూట్ తెరిచి, *99# అన్న సంఖ్యకు డయల్ చేస్తే జీపీఆర్‌ఎస్ సంధానం వచ్చేది. సీడీఎంఏ ఫోన్లకు ఆ సంఖ్య #777. తీగ లేకుండా బ్లూటూత్‌తోనూ ఇది సాధ్యమే. ఈ దశలో ఫోన్ ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంది. పలుపు ఉపమానం పూర్తిగా వర్తించే కాలం ఇదే.

పలుపు తెగడానికి రెండు పరిణామాలు కారణం. మొదటిది పాలనాపరమైనది, అంతగా చర్చకు రానిది. 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కరలేదని 2005 జనవరిలో కేంద్రప్రభుత్వం నియమాలు జారీచేసింది. ఒకప్పుడు ఇంటి రేడియోకు సైతం పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టించుకొన్న దేశంలో ఇది చిన్న మార్పు కాదు. జేబులోని ఫోన్ ఒక చిన్న ప్రసారకేంద్రం కావడానికి చట్టపరమైన అడ్డంకి అప్పుడు తొలగింది. రెండోది 2010 మేలో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2. సంధానాన్ని వైఫై ద్వారా పంచే సదుపాయం అందులో వ్యవస్థలో భాగంగానే వచ్చింది. 2011 మార్చిలో ఐఫోన్ కూడా ఆ బాట పట్టింది.

5. కంపెనీ లెక్క

సంధానం అమ్మినవారికి ఈ పంపకం ఎన్నడూ ఇష్టం కాలేదు. అమెరికా ఉదాహరణ ఇందుకు స్పష్టమైన సాక్ష్యం. 2010 జూన్‌లో ఏటీ అండ్ టీ సంస్థ నెలకు 25 డాలర్లకు 2 జీబీ ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఫోన్ ద్వారా ల్యాప్‌టాప్‌కు సంధానం ఇచ్చుకోవాలంటే మరో 20 డాలర్లు కట్టాలి. ఆ అదనపు సొమ్ముకు అదనపు డేటా ఏమీ రాదు, అదే 2 జీబీని వేరే తెరమీద చూసుకోవచ్చు. కొన్న నీళ్లను బిందెలో పోసుకొంటే ఒక ధర, చెంబులోకి వంచుకొంటే మరో ధర వంటిదిది.

ఎవరు పంచుతున్నారో కనిపెట్టే మార్గాలూ ఉన్నాయి. ప్రతి డేటా పొట్లానికి ఒక ఆయుఃసంఖ్య ఉంటుంది. ఒక యంత్రం దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. ఫోన్ నుంచి నేరుగా వెలువడితే 64గా ఉండే అంకె, ఫోన్ వెనుకనున్న మరో పరికరం నుంచి వస్తే 63గా కనిపిస్తుంది. చిరునామా మార్పిడి వాడుకరులను దాచిపెడుతుంటే, ఈ ఒక్క అంకె వారిని పట్టిస్తుంది. పంపకానికి ఉపకరించే అప్లికేషన్లను యాప్ దుకాణంలో కనిపించకుండా చేయమని కోరిన వ్యవహారంలో వెరైజన్ సంస్థ 2012 జూలైలో అమెరికా సమాచార ప్రసార సంఘానికి 12.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆ సంస్థ కొనుక్కొన్న పౌనఃపున్యాలకు, వాడుకరి తనకు నచ్చిన అప్లికేషన్ వాడుకోవచ్చునన్న షరతు ఉండడమే ఇందుకు ఆధారం.

భారతదేశంలో ఈ తగవు ఆ స్థాయిలో రాలేదు. ఫోన్ ఒక దుకాణంలో, సిమ్ మరో దుకాణంలో కొనే అలవాటు వల్ల ఫోన్ లోపలి సదుపాయాల మీద ఇక్కడి కంపెనీలకు పట్టు తక్కువ. దీనికి తోడు వాడుకదారుల్లో అత్యధికులు ముందుగా డబ్బు కట్టి కొలతగా డేటా కొనుక్కొనేవారు. కొలిచి అమ్మిన తరువాత, తాగింది ఎవరన్న ప్రశ్నతో అమ్మేవాడికి పనిలేదు. ఉదారతకంటె ఈ మార్కెట్ స్వభావమే హాట్‌స్పాట్‌ను ఇక్కడ నిరాటంకంగా నిలిపిందని చెప్పడం సమంజసం.

2016 సెప్టెంబరు 5న జియో రాకతో కొలత స్వరూపం మారింది. నెలకింత అన్న లెక్క పోయి, రోజుకింత అన్న లెక్క బలపడింది. రోజు కోటాలో మిగిలినది మరునాటికి చెల్లదు. ఈ నియమం రెండు విధాల పనిచేసింది. అర్ధరాత్రి లోపల ఖర్చుచేయాల్సిన సరుకు కనుక ఇచ్చేవారికి నష్టభయం లేదు. మధ్యాహ్నానికే కోటా ముగిసినవారికి అడగక తప్పదు. తెలుగు వాడుక ఈ మార్పును నమోదు చేసింది. డయలప్ కాలంలో “నెట్ రావట్లేదు” అన్నారు. ఇప్పుడు “నెట్ అయిపోయింది” అంటున్నారు. కరెంటులా వచ్చిపోయేది కాస్తా బియ్యంలా, నూనెలా నిండుకొనేది అయింది.

6. ఎవరి పేరున

2011 ఏప్రిల్‌లో వచ్చిన సైబర్ కేఫ్ నియమాలు ప్రతి వాడుకరి గుర్తింపును తీసుకొని, వివరాలను కనీసం ఏడాది భద్రపరచాలని నిర్దేశించాయి. హాట్‌స్పాట్ ఇచ్చే వ్యక్తి దగ్గర అటువంటి రిజిస్టరు లేదు. బయటి లెక్కల్లో పలువురి పనులన్నీ సిమ్ ఉన్నవారి పేరునే పడతాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతపు చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లో ఆఖరి విడతకు చేరాక, వేలమంది చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక నిలిపే పద్ధతి మొబైల్ రంగంలో మరింత వ్యాపించింది. ఆ పద్ధతిలో నడిచే ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పుచ్చుకొన్నవారు పి.పి.కి పి.పి. అన్నమాట.

ఆరో కూర్పు నియమావళి ఈ అజ్ఞాతాన్ని సడలిస్తోంది. ఫోన్‌కు వచ్చిన చిరునామాల సముదాయాన్ని వెనుకనున్న పరికరాలకు కూడా పంచే విధానాన్ని 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7278 వివరించింది. అప్పుడు ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది, మధ్యలో కేకవేసి పిలిచేవారు అక్కరలేదు. అయినా చందా పేరు, బ్యాటరీ, కోటా ఇచ్చేవారివే.

7. ఇంటి లెక్క

పి.పి. నంబరుకూ హాట్‌స్పాట్‌కూ ఒక మౌలికభేదం ఉంది. టెలిఫోన్ ఇంట్లో ఉండేది. యజమాని ఊరెళ్లినా వీధికి ఫోన్ ఉండేది. హాట్‌స్పాట్ మనిషితో వెళ్లిపోతుంది. ఈ భేదం 2020లో తీవ్రంగా అనుభవానికి వచ్చింది.

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం, పట్టణ కుటుంబాలు 23.4 శాతం. అంతర్జాల సదుపాయం గ్రామాల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం కుటుంబాలకు ఉంది. ఇటువంటి పునాది మీద తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరు 1 నుంచి మూడు నుంచి పది తరగతుల పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా ప్రసారం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ ఆ పని చేసింది. టీవీని ఎంచుకోవడాన్ని వెనుకబాటుగా చూసినవారున్నారు. అది సరికాదు. టీవీ ఇంటిది, ఫోన్ వ్యక్తిది. తండ్రి పనికి వెళ్లాక కూడా పాఠం ఇంట్లో మిగలాలంటే అప్పటికి టీవీయే మార్గం.

డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఆ వెసులుబాటు తక్కువ. వారి తరగతులు ఎక్కువగా ఫోన్ మీద నడిచాయి. ఇంట్లో ఉన్న ఒక మంచి ఫోన్ ఇద్దరు పిల్లలకు, ఒక్కోసారి పాఠం చెప్పే తల్లికి కూడా సంధానం ఇవ్వాల్సిన సందర్భంలో ఎవరి తరగతి ముఖ్యమన్న నిర్ణయం కోటా ఉన్నవారి చేతికి వచ్చింది. ‘ఇవ్వు’ అన్న క్రియలోని అధికారం అక్కడ బరువుగా పనిచేస్తుంది. కుటుంబంలో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్నదాన్నిబట్టి అంతర్జాలం ఎవరికి ఎప్పుడు అందుతుందో నిర్ణయమవుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఈ విషయంలో కీలకమైన అంకెలిస్తుంది. 15-49 ఏళ్ల వయసువారిలో ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆ 21, 26.5 శాతాల్లో సొంత సిమ్ మీద వాడినవారెందరో, భర్తో కొడుకో హాట్‌స్పాట్ ఇచ్చిన కాసేపు వాడినవారెందరో ఈ అంకెలు విడదీసి చెప్పవు. కంపెనీల చందాదారుల పట్టికలూ చెప్పవు. అందుకు ఇంటింటి మౌఖిక చరిత్రను సేకరించవలసి ఉంటుంది.